ఎడమకే పోయే మిషనక్క బండి

జనమంతా రోడ్డు మీదే ఉన్న రోజులవి. పొద్దున లేస్తే ర్యాలీ, మధ్యాహ్నం నడిరోడ్డు మీద వంటావార్పు, సాయంత్రం మానవహారం. లాయర్లు, టీచర్లు, కటింగు షాపుల వాళ్లు, చివరికి మా బోరబండ చాయ్ బండ్ల వాళ్లు కూడా తలా ఒక జేయేసీ, అంటే పోరాట కమిటీ, పెట్టుకుని, జెండా పట్టుకుని, తెలంగాణ కోసం బయల్దేరిపోయేవారు. అలాంటి కాలంలో, మనుషులను ఇంటి గడప దాటించడమే ఉద్యోగంగా జీతం పుచ్చుకుంటూ, ఒక్క ప్రాణిని కూడా కదిలించలేకపోయిన ఘనుణ్ణి నేను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పుడు రాలేదు. అప్పట్లో నా మీద నాకున్న నమ్మకం అలాంటిది. ఫిజియోథెరపీ చదువు ముగించుకుని గోదావరి జిల్లా నుంచి రైల్లో వచ్చి దిగినప్పుడు, కండరమనేది ఈ హైదరాబాదులో ఎక్కడ దాక్కున్నా సరే వెతికి కదిలిస్తాననే ధీమాతో దిగాను.

నేను చేరింది బోరబండలోని ఒక చిన్న ట్రస్టులో. హైటెక్ సిటీ అద్దాల మేడల్లోని ఒక కంపెనీ వాళ్లు ఆ ట్రస్టుకు కొన్ని చక్రాల కుర్చీలు, ఒక పెట్టె నిండా రంగురంగుల రబ్బరు పట్టీలు (చేతులతో సాగదీస్తూ వ్యాయామం చేసేవి) ఇచ్చి, ఫొటో దిగి వెళ్లారు. కాళ్లు పనిచేయని వాళ్లు ఇంట్లో ఒక మూల కూర్చుండిపోకుండా, తమ బస్తీలోనే, తమ వాళ్ల మధ్యే ఒళ్లు కదిలించేలా చేయాలని మా ట్రస్టు మేడమ్ నాకు పని అప్పగించారు. "రెండు నెలల్లో చేసి చూపిస్తానండి" అన్నాను. మేడమ్ నా వైపు జాలిగా చూశారు. ఆ జాలిని నేను మెచ్చుకోలు అనుకున్నాను.

అద్దె గది ట్రస్టు పక్క సందులోనే దొరికింది. ఇంటాయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. బస్తీలో ఏ ఇద్దరు ఒకచోట నిలబడ్డా వాళ్లతో ఒక జేయేసీ పెట్టించేవాడు గనుక అందరూ ఆయన్ను జేయేసీ మామ అనేవారు. నేను సామాను దింపుకుంటుంటే వచ్చి నా మాట విని, "ఆంధ్ర పిలగానివా? ఫికర్ చెయ్యకు తమ్మీ. మా కొట్లాట గవర్నమెంటుతోటి, నీతోటి గాదు. కాని పొద్దుమాపు ఇంట్ల అండి అండి అనకు, నా చెవులు గుంజుతయ్" అన్నాడు. "అలాగేనండి" అన్నాను. ఆయన తల పట్టుకుని లోపలికి పోయాడు.

మొదటి నెలంతా నేను ట్రస్టు హాల్లో ఈల వేసుకుంటూ కూర్చున్నాను. ఎవరూ రాలేదు. పిలిస్తే, "ఇయ్యాల బంద్ గద సార్" అనేవాళ్లు. బంద్ లేని రోజు, "ఎక్సర్‌సైజా? అది పని లేనోల్లకు" అనేవాళ్లు. మనిషి రాకపోతే వ్యాయామమే ఇంటికి వెళ్తుందని చెప్పి (ఈ వాక్యం నాకే బాగా నచ్చి రెండుసార్లు మేడమ్‌కు వినిపించాను) ఇంటింటికీ తిరిగి రబ్బరు పట్టీలు పంచాను. వారం తిరిగేసరికి ఆ పట్టీలు బస్తీ అంతటా దర్శనమిచ్చాయి. ఒకటి సైకిల్ మీద గ్యాస్ బండను కట్టి ఉంది. ఒకటి దోమతెరను పట్టుకుని ఉంది. ఆకుపచ్చది, అన్నిట్లోకి గట్టిది, మా మామ స్కూటర్ వెనక ఉద్యమం జెండా కర్రను నిటారుగా నిలబెట్టింది. నా వైద్యశాస్త్రం తరఫున ఉద్యమానికి అందిన తొలి సాయం అదే.

పట్టీ పుచ్చుకున్న వాళ్లలో నన్ను కాస్త ఆదరించింది మిషనక్క ఒక్కతే. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్లూ పడిపోయాయి. అన్నావదినల ఇంట్లో ముందు గదిలో కూర్చుని, చేత్తో తిప్పే కుట్టుమిషన్ మీద బస్తీ అందరి జాకెట్లూ కుట్టేది. నలభై దాటిన మనిషి, గట్టి నవ్వు, అంతకంటే గట్టి నోరు. చక్రాల కుర్చీ తెచ్చి చూపిస్తే, "ఇది బాగుంది సార్, కూసుంటె రాణి లెక్కుంది" అని ఎక్కింది. ఎక్కి, రెండు చక్రాలూ పట్టుకుని ఒక్క తోపు తోసింది. కుర్చీ ఎడమకు తిరిగి నేరుగా గోడకు పోయి గుద్దుకుంది. మళ్లీ తోసింది. ఈసారి ఎడమ పక్కనున్న నీళ్ల డ్రమ్ము. కారణం నాకు వెంటనే తెలిసిపోయింది. ఇన్నేళ్లుగా మిషన్ తిప్పీ తిప్పీ ఆమె కుడి చేయి పహిల్వాన్ చేయి అయింది. ఎడమ చేయి గుడ్డను పట్టుకునే పనిలోనే ఉండిపోయింది. కుడి చక్రం ముందుకు దూకుతుంటే ఎడమది వెనకే ఉండి, బండి ఎప్పుడూ ఎడమకే పోయేది. పైగా అప్పుడు ఉద్యమం కండువాలకు అంచులు కుట్టే పని కూడా ఆమెకే వచ్చింది. ఉద్యమం ఎంత ఊపందుకుంటే ఆమె బండి అంతగా ఎడమకు పోయేది.

ఇక నాకు పని దొరికింది. ఆమె ఎడమ చేతిని కుడి చేతికి సమానం చేసి, బండిని గీత గీసినట్టు తిన్నగా నడిపిస్తానని శపథం పట్టాను. రోజూ వెళ్లి, "లాగండి, వదలండి, లాగండి, వదలండి" అని ప్రాణం తీసేవాణ్ణి. ఒకరోజు ఆమె పట్టీని నా ఒళ్లో పడేసి, "ఆగు సార్. ఒక్క మాట చెప్పు. సక్కగ పోయి నేను ఏడికి పోవాలె?" అంది.

ఆమెకు భుజం బలం గురించి, గుండె ఆరోగ్యం గురించి చెప్పగలను గానీ, ఆ బలంతో ఎక్కడికి పోవాలో నా పుస్తకాల్లో లేదు. అందుకని నేనే అడిగాను, "మీకు ఎక్కడికి పోవాలని ఉందండీ?"

ఆమె మిషన్ మీద చేయి వేసుకుని అంది, "బతుకమ్మ ఆడాలె సార్. చిన్నప్పటిసంది మా అన్న ఎత్తుకపోయి చెప్పుల కాడ కూసోబెడ్తడు. అందరు చెప్పులు ఇడిసి ఆటకు పోతరు. ఎవ్వరి చెప్పులు ఎవ్వరియో నాకు అన్ని ఎరికె. ఆడుతుంటె ఆడోల్ల ఈపులు చూస్కుంట కూసుంట. అంత దినం పువ్వులు పేర్చేది నేను, కాని గుండ్రంల నాకు జాగ లేదు." ఆ మాట చెప్పేటప్పుడు ఆమె నవ్వలేదు.

మరు నిమిషంలోనే నా బుర్ర మెరిసింది. గుండ్రం! ఎడమకే పోయే బండికి గుండ్రంకంటే ఇంకేం కావాలి? నేను నెలరోజులుగా ఏ రోగాన్ని మాన్పాలని చూస్తున్నానో అదే ఈమె విద్య! మధ్యలో ఏదైనా పెట్టి బండిని తోస్తే చాలు, దాని చుట్టూ అదే తిరుగుతుంది. "మీరు ఈ ఏడు ఆడుతున్నారండి" అన్నాను, మేడమ్‌తో అన్నంత ధీమాగానే.

ధీమా నాకు సరే, అనుమతి వదిన దగ్గర ఉంది. మిషనక్క వదిన ఆ బస్తీ ఆడవాళ్లందరికీ పెద్ద. ఏ బతుకమ్మ ముందు ఉండాలో, ఏ పాట ఎవరు ఎత్తుకోవాలో ఆమే చెప్పేది. పైగా ఈసారి పండుగ ఆఖరి రోజైన సద్దుల బతుకమ్మను బస్తీలో కాకుండా హైటెక్ సిటీ పెద్దరోడ్డు మీద, అద్దాల మేడల ముందు, ఉద్యమం తరఫున ఆడాలని జేయేసీ మామ పెట్టించిన మహిళా జేయేసీ తీర్మానం చేసింది. నేను వెళ్లి చేతులు కట్టుకుని, మిషనక్కతో పాటు కుర్చీల వాళ్లందరూ ఆడతారని చెప్పాను. వదిన నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఆట ఆడేకాడ బండ్లా? కాళ్లమీదికెల్లి పోతె దవాఖానల ఎవ్వరు చూపిస్తరు, నువ్వా?" అంది. నేను "చూపిస్తానండి, అసలు పోనివ్వనండి" అన్నాను. చాలాసేపటికి, "సరె, తీస్కరా. కాని ఒక్క కాలు తొక్కినా, ఒక్క పువ్వు నలిగినా, బండ్లన్ని చెప్పుల కాడికే. మల్ల నన్ను అనద్దు" అంది. మిషనక్కకు దొరికిన అవకాశం ఆ ఒక్కటే అని నాకు అర్థమైంది.

సమ్మె వల్ల సర్కారు బడికి తాళం పడి, గ్రౌండు ఖాళీగా ఉంది. బోరబండ సందులన్నీ ఎత్తుపల్లాలు, బండరాళ్లు. సమంగా ఉన్న జాగా ఆ గ్రౌండు ఒక్కటే. "బతుకమ్మ ప్రాక్టీసు" అని నోటిమాటగా చెప్పానో లేదో, వ్యాయామం అంటే తలుపేసుకున్న వాళ్లంతా ప్రత్యక్షమయ్యారు. షుగరు వచ్చి పాదం తీసేయించుకున్న పెద్దమ్మ ఒకావిడ అందరికంటే ముందు వచ్చి, మంచి కుర్చీ చూసుకుని ఎక్కి, దిగమంటే దిగలేదు. ఇంటర్ చదివే అమ్మాయిని వాళ్ల నాన్న ఆటోలో తెచ్చి దింపాడు. గ్రౌండు మధ్యలో ఒక ఎర్ర ప్లాస్టిక్ బకెట్ బోర్లించి, "ఇదే బతుకమ్మండి" అన్నాను. పెద్దమ్మ బకెట్‌కు దండం పెట్టింది. మిషనక్క ముందు, మిగతావాళ్లు ఆమె వెనక, అందరూ ఎడమకు తిరుగుతూ, నేను మధ్యలో నిలబడి బతుకమ్మ ఉయ్యాలో పాటను మా గోదావరి యాసలో ఎత్తుకుంటే, గోడ మీద కూర్చున్న జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. జేయేసీ మామ రోజూ వచ్చి చూసి, "ఆంధ్రోడు బతుకమ్మ ఆడిస్తుండు, ఇగ తెలంగాణ వచ్చినట్టే" అని ప్రకటించి వెళ్లేవాడు.

నవ్వితే నవ్వారు గానీ, వాళ్ల చేతులు మాత్రం గట్టిపడ్డాయి. మొదట్లో ఒక చుట్టుకే రొప్పిన పెద్దమ్మ, పాట మొత్తం అయ్యేవరకు ఆగకుండా తిరిగేది, తిరుగుతూ నన్ను తిట్టేది కూడా. ఇంటర్ అమ్మాయి కుర్చీని ముందు చక్రాలు లేపి తిప్పడం నేర్చి నా గుండెలు జారేలా చేసింది. మిషనక్క కుర్చీ అయితే బకెట్ చుట్టూ గుండ్రంగా, చక్కగా, గ్రామఫోన్ రికార్డులా తిరిగేది. నేను మురిసిపోయాను. నా అంత శిక్షకుడు భూమ్మీద లేడనుకున్నాను.

సద్దుల బతుకమ్మ నాడు రోడ్డు మీద బస్సుల్లేవు, కార్లు పలచగా ఉన్నాయి. ట్రాలీ ఆటోల్లో కుర్చీలు, వాటి పక్కన తాంబాళాల్లో తంగేడు, గునుగు, బంతి పువ్వులతో నిలువెత్తు బతుకమ్మలు, వెనక ఆడవాళ్లు. దిగేముందు మామ నా చెవి దగ్గరకు వచ్చి, "తమ్మీ, ఇయ్యాల దేశం మీది జనం ఉంటరు, అందరు నన్నెరిగినోల్లు గాదు. నువ్వు జర నోరు మూసుకో. అండి అన్నవంటే నాకు పరేషాన్" అన్నాడు. నేను తల ఊపాను. అద్దాల మేడల పక్కన పోలీసులు వరసగా నిలబడి ఉన్నారు. పై అంతస్తుల కిటికీల దగ్గర మెడల్లో గుర్తింపు కార్డులు వేలాడుతున్న కంపెనీ కుర్రవాళ్లు గుంపులుగా నిలబడి కిందికి చూస్తున్నారు. బతుకమ్మలను రోడ్డు మధ్యలో పెట్టారు. ఆడవాళ్లు చెప్పులు విడిచారు. మిషనక్క ఆ చెప్పుల కుప్ప వంక ఒకసారి చూసి, చక్రాలు తిప్పుకుంటూ దాన్ని దాటి ముందుకు వచ్చింది. ఆ ఒక్క చూపు కోసం నేను ఇంకో ఏడాది జీతం లేకుండా పనిచేసేవాణ్ణి.

వదిన పాట ఎత్తుకుంది. ఆడవాళ్లు కదిలారు. మా కుర్చీలూ కదిలాయి. రెండు అడుగులు పడ్డాయో లేదో నేను చేసిన పొరపాటు కనబడింది. బస్తీ ఆడవాళ్లంతా బతుకమ్మను కుడి చేతి వైపు ఉంచుకుని తిరుగుతున్నారు. మా బండ్లన్నీ ఎడమ చేతి వైపు ఉంచుకుని వస్తున్నాయి. గుడి చుట్టూ ప్రదక్షిణం చేసేవాళ్లకు ఎదురు వెళ్లినట్టు! వాళ్లు ఏ వైపు తిరుగుతారో నేను ఇన్ని రోజుల్లో ఒక్కరిని కూడా అడగలేదు. అందరి ముందూ ఉన్న వదినా, అందరి ముందూ ఉన్న మిషనక్కా ఎదురెదురుగా వచ్చి ఆగిపోయారు. వెనక వాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. పెద్దమ్మ కుర్చీ ఒక తాంబాళాన్ని తాకింది. బతుకమ్మ ఊగింది, ఎవరో పట్టుకున్నారు గానీ పై వరస బంతి పువ్వులు రాలి చక్రాల కింద పడ్డాయి.

"ఏంది సార్ గిది! నేను చెప్పలే?" వదిన గొంతు అద్దాల మేడలకు తగిలి వెనక్కు వచ్చింది. "తియ్యుండ్రి, బండ్లన్ని చెప్పుల కాడ పెట్టుండ్రి!"

నేను మిషనక్క దగ్గరకు పరుగెత్తి, "అక్కా, వీళ్లు ఇటు తిరుగుతారని మీకు తెలియదా?" అన్నాను ఏడుపు గొంతుతో.

"ఎరికెనే. చిన్నప్పటిసంది చూస్తలేనా?" అంది నిమ్మళంగా.

"మరి చెప్పలేదేం?"

"చెప్తె నువ్వు మల్ల బండి సక్కగ పోవాలని ఆ రబ్బరు పట్టీలు గుంజమంటవు. ఎట్లనో అట్ల అయితదిలే అని ఊకున్న" అంది. వెంటనే ఆమె ముఖం మారిపోయింది. ఇద్దరు మగవాళ్లు ఆమె కుర్చీ వెనక పట్టుకుని తిప్పబోతున్నారు. ఆమె రెండు చక్రాలనూ బిగించి పట్టుకుంది. "నేను పోను సార్" అంది నాతో, చాలా చిన్నగా.

నేను మామ మాట మర్చిపోయాను. రోడ్డు మధ్యకు దూకి, చేతులెత్తి, ఈల వేసి నేర్చిన ఊపిరంతా పెట్టి, "ఆగండీ! అందరూ ఆగండీ! నా మాట వినండీ!" అని అరిచాను.

అంతమంది జనం ఒక్కసారి, పోలీసులతో సహా, నా వైపు తిరిగారు. ఎక్కడినుంచో ఒక గొంతు, "ఎవడ్రా వీడు, ఈ ఆంధ్రోడు?" అంది. అప్పుడు జేయేసీ మామ జెండా కర్రతో సహా (ఆకుపచ్చ పట్టీ దానికే వేలాడుతోంది) నా పక్కకు వచ్చి నిలబడి, "మనోడే! మా ఇంట్ల కిరాయికుంటడు. ఏమంటడో చెప్పనియ్యుండ్రి" అన్నాడు.

ఏం చెప్పాలో నిజానికి నాకు తెలియదు. కానీ నోరు తెరిచాక ధీమా దానంతట అదే వచ్చింది, ఆ వయసులో అది నా దగ్గర పుష్కలంగా ఉండేది. "మీరు లోపలి గుండ్రంలో మీ వైపే తిరగండి. వీళ్లు బయటి గుండ్రంలో వీళ్ల వైపే తిరుగుతారు. మధ్యలో ఒక చెయ్యి దూరం. ఎవరి కాళ్లూ తొక్కరండి, నాది పూచీ!" అన్నాను. "ఎదురెదురు తిరుగుడు ఏడన్న ఉన్నదా?" అని వదిన అడిగింది. "ఇక్కడ ఉంటుందండి" అన్నాను. ఎవరో నవ్వారు. వదిన నవ్వలేదు గానీ, ఆడపడుచు చక్రాలను పట్టుకున్న తీరు చూసింది. "ఒక్క చుట్టు చూస్త" అని మళ్లీ పాట ఎత్తుకుంది.

లోపలి గుండ్రం ఒక వైపు, బయటి గుండ్రం ఒక వైపు కదిలాయి. చిక్కు ఇంకొకటి ఉందని అప్పుడు తెలిసింది. నడిచేవాళ్లు వంగి చప్పట్లు కొడుతున్నారు. చక్రాలు తోసే వాళ్లకు చప్పట్లు కొట్టడానికి చేతులు ఎక్కడివి? తిరుగుతున్నారు గానీ ఆటలో లేనట్టే ఉన్నారు. ఒక చుట్టు అయిపోవచ్చింది. వదిన ఎదురుగా వస్తోంది. మిషనక్క ఎడమ చక్రం వదిలేసింది. పహిల్వాన్ కుడి చేయి ఒక్కటే బండిని తోస్తోంది, బండి మామూలుగానే ఎడమకు వంగి గుండ్రంలో పోతోంది. ఖాళీ అయిన ఎడమ చేతిని ఆమె అరచేయి తెరిచి పక్కకు చాపింది. వదిన కొట్టబోయిన చప్పట్లో సగం ఆ అరచేతికి తగిలింది. ఠప్పుమని చప్పుడు.

"ఎడమ చెయ్యా?" అంది వదిన నడుస్తూనే.

"కుడిది పనిల ఉన్నది వదినా!" అంది మిషనక్క.

వదిన పాట ఆగింది. నవ్వు వచ్చి ఆగింది. వెనక వస్తున్న ఆవిడ తన ఎడమ చేయి చాపింది. ఆమె వెనకావిడ కూడా. పెద్దమ్మ, ఇంటర్ అమ్మాయి, అందరూ ఎడమ చేతులు చాపారు. ఒక్కొక్కరూ ఎదురొచ్చి, ముఖం చూసి, నవ్వి, చప్పట్లో సగం ఇచ్చి పోతున్నారు. అన్నేళ్లు వీపులు చూసిన మనిషికి బస్తీలోని ప్రతి ముఖమూ ఎదురొచ్చి చేయి కలిపి వెళ్తోంది. మిషనక్క ఏడుస్తూ నవ్వుతోంది, నవ్వుతూ తోస్తోంది. ఒక లేడీ కానిస్టేబుల్ లాఠీ చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టింది. నేను చెప్పుల కుప్ప పక్కన చతికిలబడి, ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకున్నాను.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. రాష్ట్రం వచ్చింది. నేను గోపన్‌పల్లిలో ఫ్లాటు కొనుక్కుని, సొంత క్లినిక్ పెట్టుకుని, పొట్ట కూడా పెంచుకున్నాను. ఈమధ్య నా ఎడమ భుజమే పట్టేసింది. మా క్లినిక్‌లో కొత్తగా చేరిన డాక్టరమ్మ, అచ్చం ఒకప్పటి నా ధీమాతో, "రెండు నెలల్లో సరిచేస్తాను సార్" అని నా చేతిలో ఒక ఆకుపచ్చ పట్టీ పెట్టింది. అది ప్రస్తుతం మా కారు డిక్కీలో స్టెప్నీని కదలకుండా పట్టుకుని ఉంది.

ప్రతి ఏడూ సద్దుల నాడు నేను బోరబండ వెళ్తాను. మొన్న వెళ్లినప్పుడు, కొత్తగా కాపురానికి వచ్చిన కోడలొకామె ఏ వైపు తిరగాలో తెలియక తికమకపడుతుంటే, బడికి పోయే ఒక చిన్నది చేయి పట్టుకుని లాగి, "లోపలోల్లు అట్ల, బండోల్లు ఇట్ల. బతుకమ్మ గిట్లనే ఆడాలె, మొదటిసంది గంతే" అని పాఠం చెప్పింది. నేను గడ్డం కింద చేయి పెట్టుకుని బుద్ధిగా విన్నాను. నోరు తెరిచి ఒక్క అండి కూడా అనలేదు.

అంతలో బయటి గుండ్రంలో మిషనక్క వచ్చింది. జుట్టు తెల్లబడింది, బండి కొత్తది, పోవడం మాత్రం ఎడమకే. నన్ను చూసి ఎడమ చేయి చాపింది. నేనూ ఉత్సాహంగా నా ఎడమ చేయి లేపబోయాను. అది నడుము దాకా లేచి అక్కడే ఆగిపోయింది. ఆమె కొంచెం వంగి, ఆ ఆగిన చేతినే ఠప్పుమని కొట్టి, "ఏం సార్, పట్టీ గుంజుతలేవా?" అని అడిగి ముందుకు పోయింది.

"గుంజుతున్నానండి" అన్నాను.